రథం ఆగింది బలం లేక కాదు

(చెన్నై త్యాగరాయనగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన తెలుగువారి సభలో, రోగాలతో పోరాడే టి కణాలపై పనిచేసే ఒక శాస్త్రవేత్త చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇందాక కాఫీ తాగుతున్నప్పుడు ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుని, చేతిసంచిలోంచి ఒక పొడి డబ్బా తీసి చూపించారు. వాళ్ల వియ్యపురాలికి ఊపిరితిత్తుల కాన్సర్. "అమ్మా, రోజూ రెండు చెంచాలు పాలలో కలిపి ఇస్తున్నాం. ఇమ్యూనిటీ పెరుగుతుందట. అది పెరిగితే కాన్సర్ తగ్గుతుంది కదా?" అని అడిగారు. డబ్బా మీద టి కణం బొమ్మ కూడా ఉంది. దాని ఖరీదు చూసి నా మనసు చివుక్కుమంది. నేను రాసుకొచ్చిన ప్రసంగం వేరే చోట మొదలవుతుంది. దాన్ని పక్కన పెట్టి ఆ డబ్బా దగ్గరే మొదలుపెడతాను. ఎందుకంటే ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న.

పాతికేళ్లకు పైగా నేను టి కణాలతోనే పని చేస్తున్నాను. ఒకప్పుడు ఈ రంగంలో చాలామంది ఆవిడలాగే ఆలోచించారు. శరీరంలోని సైన్యం నీరసించింది కాబట్టి కాన్సర్ గెలుస్తోంది, ఆ సైన్యాన్ని పెంచాలి, ఉసిగొల్పాలి అనుకున్నారు. దశాబ్దాల పాటు ఆ దారిలో నడిస్తే మేలు కొద్దిమందికే జరిగింది. తర్వాత తెలిసిన సంగతి వేరు. ఎన్నో కణితుల్లో టి కణాలు అప్పటికే చేరి ఉన్నాయి. శత్రువును గుర్తుపట్టాయి. చంపే శక్తీ వాటికి ఉంది. అయినా చేతులు కట్టుకుని నిలబడ్డాయి. ఎవరో వాటిని ఆపారు. ఈ ఒక్క మాట మీకు పట్టుబడితే ఈ సాయంత్రం నాకు చాలు.

ముందు మన ఊరి నుంచి, మన మనిషి నుంచి మొదలుపెట్టనివ్వండి. ఈ నగరానికి మీలో చాలామంది సెంట్రల్ స్టేషన్‌లో దిగే వచ్చి ఉంటారు. స్టేషన్ ముందు రోడ్డు దాటితే మద్రాసు వైద్య కళాశాల. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు చదివింది అక్కడే. ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ రావలసిన చోట అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో బయటికి వచ్చారు. అక్కడి నుంచి అమెరికాలోని బోస్టన్ చేరారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. ఆ మందును బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి చూశారు. వారిలో 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బు వచ్చిన పిల్లవాడి విషయంలో వైద్యులు చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. రెండు నెలలకే, ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. ఈనాటి కీమో చికిత్స పునాదుల్లో ఒక తెలుగువాడి చేయి ఉందని మన పిల్లలకు చెప్పాలి. నేను చెప్పని తరగతి లేదు.

అదే ఆగస్టులో, ఆయన పోవడానికి ఒకటి రెండు రోజుల ముందు, 7వ తేదీన, అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ఆలిస్ అనే చిన్న ఊళ్లో, టి కణాల కథను తర్వాత మలుపు తిప్పిన శాస్త్రవేత్త జేమ్స్ ఆలిసన్ పుట్టారు. నాకు జాతకాల మీద నమ్మకం లేదు. అయినా ఈ రెండు తేదీలు పక్కపక్కన రాసుకున్న కాగితం ఒకటి చాలా ఏళ్లుగా నా బల్ల అద్దం కింద ఉంది.

ఆలిసన్‌కు పది పదకొండేళ్ల వయసులో తల్లి లింఫోమాతో చనిపోయింది. మేనమామల్నీ కాన్సరే తీసుకుపోయింది. ఇంత చూసినవాడు కాన్సర్‌ను జయించాలని శపథం పట్టి ఉంటాడని మనకు అనిపిస్తుంది. ఆయన మాత్రం అలా చెప్పుకోలేదు. టి కణం ఎలా పని చేస్తుందో తెలుసుకోవాలన్న ఆరాటమే తనను నడిపిందని పదే పదే చెప్పారు. నేను ఆ మాటను నమ్ముతాను. ప్రయోగశాలలో నా రోజులూ అలాగే గడిచాయి.

ఇంతకీ ఏమిటీ టి కణం? రక్తంలోని తెల్లకణాల్లో అదొక రకం. ఎముక మజ్జలో పుడుతుంది. రొమ్ము ఎముక వెనుక, గుండెకు కాస్త పైన, థైమస్ అనే గ్రంథి ఉంది. కణం చదువు అక్కడ. ఇంగ్లిషులో థైమస్ పేరు రాస్తే వచ్చే మొదటి అక్షరం 'టి'యే దానికి పేరయింది. 1961 వరకు ఆ గ్రంథి దేనికీ పనికిరాదనే వైద్యులు అనుకునేవారు. లండన్‌లో జాక్ మిల్లర్ అనే యువకుడు అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో దాన్ని తీసేసి చూశాడు. అవి రోగాలకు తట్టుకోలేక చనిపోయాయి. అలా బయటపడింది దాని విలువ. ఆ బడిలో పరీక్ష ఘోరమైనది. సొంత శరీరం మీద చేయి చేసుకునే కణానికి అక్కడే మరణం. ఏమీ గుర్తుపట్టలేని కణానికీ మరణమే. లోపలికి వెళ్లిన నూటిలో ఐదుకు మించి ప్రాణాలతో బయటికి రావు.

బయటికి వచ్చినవి ఏం చేస్తాయి? మన ఇళ్లలో అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నెడు అన్నం పిసకం. ఒక్క మెతుకు పట్టి చూస్తాం. శరీరంలో దాదాపు ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రోటీన్లను ముక్కలు చేసి, ఒక్కో మెతుకు తీసి తన గడప మీద పెడుతుంది. టి కణం వీధి వీధీ తిరుగుతూ ఆ మెతుకుల్ని తడిమి చూస్తుంది. మన ఇంటి వంటే అయితే ముందుకు సాగిపోతుంది. వైరస్ వంట అయినా, కాన్సర్ వల్ల చెడిన ప్రోటీన్ అయినా ఆగిపోతుంది. తడిమి చూసే ఆ వేలును, అంటే టి కణం గ్రాహకాన్ని, ప్రోటీన్ రూపంలో మొదట పట్టుకున్నవారిలో ఆలిసన్ ఒకరు. అది 1982లో.

ఇక రథం దగ్గరికి వద్దాం. మైలాపూరు కపాలీశ్వరుడి రథోత్సవం మీరంతా చూసే ఉంటారు. తమిళుల పంగుని మాసంలో నాలుగు మాడ వీధులూ కిక్కిరిసిపోతాయి. మన చూపంతా మోకులు పట్టి లాగే జనం మీదే ఉంటుంది. ఈసారి వెళితే చక్రాల దగ్గర చూడండి. చేతిలో పెద్ద చెక్క దిమ్మెలతో వంగి నడిచే మనుషులు ఉంటారు. రథం వేగం పెరిగితే దిమ్మె వేస్తారు. మూల తిప్పాలంటే ఒక చక్రానికి దిమ్మె వేస్తారు. అన్ని టన్నుల రథం మనుషుల మీదికి, ఇళ్ల అరుగుల మీదికి పోకుండా కాపాడేది వాళ్లు. లాగేవాళ్లు వేలమంది ఉన్నా దిమ్మె తీయనిదే రథం అంగుళం కదలదు.

టి కణం కూడా అలాంటి రథమే. గ్రాహకం మెతుకును గుర్తుపట్టడం మొదటి మోకు. అదొక్కటే చాలదు. సీడీ28 అనే మరో అణువు రెండో మోకు. రెండూ కలిసి లాగితేనే కదలిక. ఇక సీటీఎల్ఏ-4 అనే మూడో అణువు ఒకటి ఉంది. దాన్ని 1987లో ఫ్రాన్స్‌లో కనుక్కున్నారు. చూడటానికి రెండో మోకులాగే ఉండటంతో, అదీ లాగేదేనని చాలామంది అనుకున్నారు. కాదు, అది చక్రం కింది దిమ్మె అని 1995 నాటికి రెండు ప్రయోగశాలలు తేల్చాయి. ఒకటి షికాగోలో జెఫ్రీ బ్లూస్టోన్‌ది, రెండోది బర్క్‌లీలో ఆలిసన్‌ది. దిమ్మె అని తెలిసినప్పుడు ఎవరికైనా తోచేది ఏమిటి? శరీరం తన మీద తానే దాడి చేసుకునే జబ్బుల్లో, అవయవ మార్పిడిలో ఆ దిమ్మెను వాడుకుని రథాన్ని ఆపవచ్చు. మంచి ఆలోచనే, మందులూ వచ్చాయి. ఆలిసన్‌కు తోచింది దానికి తలకిందులు. కాన్సర్ ముందు రథం ఆగి ఉంది కదా, ఆ దిమ్మెను లాగేస్తే?

1994 చివర్లో ఆయన దగ్గర పని చేసే డేనా లీచ్ ఎలుకల్లో కణితులు పెంచి, కొన్నింటికి సీటీఎల్ఏ-4ను కప్పేసే యాంటీబాడీ ఇచ్చాడు. వాటిలో కణితులు మాయమయ్యాయి. ఆ ఫలితం చూసి ఆలిసన్ పండగ చేసుకోలేదు. వెంటనే మళ్లీ చేయాలన్నారు. క్రిస్మస్ సెలవులు వచ్చేశాయి. లీచ్ సూదులు వేసి వెళ్లాడు. ఏ పంజరంలోని ఎలుకలకు మందు పడిందో, దేనిలో పడలేదో తెలియకుండా ఆలిసన్ స్వయంగా కణితుల్ని కొలుస్తూ కూర్చున్నారు. మొదట్లో అన్ని పంజరాల్లోనూ కణితులు పెరుగుతూనే ఉన్నాయి. ఆయనకు నీరసం వచ్చేసింది. ఆ తర్వాత కొన్ని పంజరాల్లో పెరుగుదల నిలిచింది, కణితులు కుంచించుకుపోయాయి, చివరికి కనిపించకుండా పోయాయి. మిగతా పంజరాల్లో పెరుగుతూనే పోయాయి.

నేనూ ఎలుకల్లో కణితుల్ని కొలిచినదాన్నే. వేలి కింద గింజంత గట్టిగా తగులుతూ ఉన్నది ఒక ఉదయం తగలకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ముందు మన వేలినే మనం నమ్మం. మరో ఎలుకను తీసి చూస్తాం. అందుకే ఆ సెలవుల కథ నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. ఇంకొక సంగతి. కోలుకున్న ఎలుకలకు తర్వాత మళ్లీ అవే కాన్సర్ కణాలు ఎక్కించారు, ఈసారి మందు ఇవ్వకుండా. అవి నిలవలేకపోయాయి. టి కణాలు గుర్తుపెట్టుకున్నాయి. ఏ కీమో మందుకూ ఆ జ్ఞాపకం ఉండదు.

1996లో ఈ పని అచ్చయింది. మనుషులకు మందుగా రావడానికి మరో 15 ఏళ్లు పట్టింది. కణితిని తాకనైనా తాకని మందు కాన్సర్‌కు మందెలా అవుతుందని చాలా కంపెనీలు ముఖం తిప్పుకున్నాయి. పరీక్షల్లో మరో చిక్కు వచ్చింది. టి కణాలు గుంపుగా చొరబడటంతో కొందరిలో కణితి తగ్గే ముందు పెద్దదైనట్టు కనిపించేది. పాత కొలమానాలతో చూస్తే మందు పని చేయనట్టే. చివరికి 2011 మార్చిలో, సీటీఎల్ఏ-4ను కప్పే ఇపిలిముమాబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. శరీరమంతా పాకిన మెలనోమాకు, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే కాన్సర్‌కు అది మందు.

2015లో ఈ మందు వాడిన 1,861 మంది రోగుల వివరాలు కలిపి, ఏ ఏటికి ఎందరు బతికి ఉన్నారో చూపుతూ గీసిన గీత ఒకటి అచ్చయింది. ఇలాంటి కాన్సర్‌లలో ఆ గీత మెట్లు దిగినట్టు దిగి నేలను తాకుతుంది. ప్రతి మెట్టూ ఒక మనిషి. ఇక్కడ గీత మూడో ఏడు దాకా దిగి, నూటికి 22 దగ్గర ఆగి, అడ్డంగా తిరిగి పదో ఏడు దాకా దాదాపు అలాగే సాగింది. అంటే మూడేళ్లు గట్టెక్కినవారిలో చాలామంది తర్వాతా బతికే ఉన్నారు. ఆ బొమ్మ చూసిన రోజు నాకు కన్నీళ్లు ఆగలేదు. అప్పుడు గుర్తొచ్చింది మా పెద్దమ్మ. నెల్లూరు నుంచి రైలెక్కి అడయారు కాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేది. కాన్సర్‌తో చెల్లెలిని పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో 12 పడకలతో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. మా పెద్దమ్మను అక్కడ ఎంతో దయగా చూసుకున్నారు. ఆ రోజుల్లో ఉన్న మందులన్నీ వాడారు. ఆమె గీత నేలను తాకింది.

నూటిలో మిగిలిన 78 మంది మాట దాచను. దాచితే నేను ఆ డబ్బా అమ్మినవాడికంటే మెరుగు కాను.

వారి కోసం వెతికితే దొరికిన రెండో దిమ్మె పీడీ-1. క్యోటోలో తసుకు హోంజో బృందం 1992లో దాన్ని కనుక్కుంది. నిజానికి వాళ్లు కణాల మరణానికి సంబంధించిన జన్యువుల కోసం వెతుకుతున్నారు. మొదటి దిమ్మె రథశాల గుమ్మంలోనే పడుతుంది, అంటే లింఫ్ గ్రంథుల్లో టి కణం బయలుదేరేటప్పుడు. పీడీ-1 పడేది వీధిలో, యుద్ధం జరిగే చోట. అక్కడ కాన్సర్ జిత్తులమారితనం చూడండి. పీడీ-1ను నొక్కే పీడీ-ఎల్1 అనే అణువును తన ఒంటినిండా మొలిపించుకుంటుంది. దగ్గరికి వచ్చిన టి కణం చక్రం కిందికి తానే దిమ్మె తోస్తుంది. పీడీ-1ను కప్పే మందులకు 2014లో అమెరికాలో అనుమతులు వచ్చాయి. మెలనోమాలో రెండు దిమ్మెలూ ఒకేసారి తీసిన పరీక్షలో పదేళ్ల తర్వాత నూటికి 43 మంది బతికి ఉన్నారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ గారికి 2015లో మెలనోమా మెదడుకు పాకింది. రేడియేషన్‌తో పాటు ఇలాంటి మందే ఇచ్చారు. ఆయన 2024 డిసెంబరులో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు. ఆలిసన్, హోంజో 2018లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

వెనుక వరుసలకు వినిపిస్తోందా? మంచిది. ఎందుకంటే ఇప్పుడు చెప్పేది అందరూ వినాలి.

దిమ్మె తీసిన రథం కాన్సర్ మీదికే వెళుతుందన్న హామీ లేదు. అరుగుల మీదికీ వెళ్లవచ్చు. ఈ మందులు వాడినవారిలో కొందరికి పెద్దపేగు వాస్తుంది, చర్మం దద్దురులెక్కుతుంది, థైరాయిడ్ దెబ్బతింటుంది. కాలేయానికి, ఊపిరితిత్తులకు, అరుదుగా గుండెకు వాపు వస్తుంది. దిమ్మెలు పట్టే మనుషుల విలువ అప్పుడు తెలుస్తుంది. మిగతా టి కణాలను అదుపులో పెట్టే నియంత్రక టి కణాలు ఉన్నాయని 1995లో చూపిన షిమోన్ సకగుచికి, వాటి వెనకున్న జన్యువును పట్టుకున్న మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ వచ్చింది. ఒక నోబెల్ దిమ్మె తీసినందుకు, ఒక నోబెల్ దిమ్మె ఎందుకుందో చెప్పినందుకు. ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిదన్న మాట ఎంత తప్పో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం తెలియదు.

ఇక మన దేశం సంగతి. మనకు మెలనోమా తక్కువ. మనల్ని ఎక్కువగా పీడించేవాటిలో నోరు, గొంతు కాన్సర్లు ఉన్నాయి. పొగాకు, గుట్కా, వక్క. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్లు చుట్టను వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. మీలో కొందరి నాయనమ్మలు తాగి ఉంటారు. దాని వల్ల అంగిట్లో కాన్సర్ వస్తుంది. ఇలాంటి రోగికి పీడీ-1 మందు పూర్తి మోతాదులో కొనాలంటే పొలం అమ్మినా చాలకపోవచ్చు. ముంబై టాటా మెమోరియల్ వైద్యులు ఒక ప్రశ్న వేశారు: ఇంత మోతాదు నిజంగా కావాలా? దిమ్మెను కప్పడానికి కొద్ది మందు చాలదా? మామూలుగా రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు ఇచ్చే నివోలుమాబ్ అనే పీడీ-1 మందును మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చారు, చవకైన మాత్రలకు తోడుగా. తల, మెడ కాన్సర్ ముదిరిన 151 మందిలో పరీక్షించారు. మాత్రలు మాత్రమే వాడినవారిలో ఏడాది తర్వాత నూటికి 16 మంది బతికి ఉంటే, ఈ కాస్త మందు కలిసినవారిలో 43 మంది ఉన్నారు. 2022లో ఇది అచ్చయింది. పూర్తి మోతాదుతో పోల్చిన పరీక్ష కాదది, మందే అందనివారికి ఏదో ఒకటి అందించే పరీక్ష. నా లెక్కలో ఈ రంగంలో మన దేశం చేసిన అతి ముఖ్యమైన పని ఇదే. కొత్త అణువు కనుక్కోలేదు. పేదవాడి సంచిలో పట్టే కొలత కనుక్కున్నారు.

కార్-టి చికిత్స గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను, పేపర్లలో మీరు చదువుతూనే ఉన్నారు. అందులో దిమ్మె తీయడం ఉండదు. రోగి టి కణాల్ని బయటికి తీసి, కాన్సర్ కణాన్ని గుర్తుపట్టే కొత్త వేలు అతికించి, తిరిగి ఎక్కిస్తారు. కొన్ని రక్త కాన్సర్లలో, లింఫోమాల్లో బాగా పని చేస్తోంది. గట్టి కణితుల్లో ఇంకా సరైన దారి దొరకలేదు. అమెరికాలో 2017లో మొదటి దాని ధర 4,75,000 డాలర్లు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు మన దేశంలో 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. ధర అమెరికా ధరలో దాదాపు పదో వంతు. అదైనా మధ్యతరగతికి కొండంత భారమే.

అమ్మా, మీ డబ్బా మాట మరిచిపోలేదు. అందులోని పొడి ఏ దిమ్మెనూ తీయదు. వియ్యపురాలికి పప్పు, గుడ్డు, పెరుగు, ఆవిడకు సహించే తిండి పెట్టండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ డబ్బాను కూడా తీసుకెళ్లి చూపించండి, దాచవద్దు. కణితి మీద పీడీ-ఎల్1 పరీక్ష, జన్యు పరీక్షలు చేశారా, తగ్గించిన మోతాదు గురించి ఆలోచించవచ్చా అని అడగండి. ఆయన కాదంటే కారణం అడగండి. ఒకవేళ దిమ్మె తీసే ఈ మందు, ఇమ్యునోథెరపీ అంటారు దీన్ని, మొదలుపెడితే, మందు పూర్తయిన నెలల తర్వాతైనా సరే, విరేచనాలు పట్టుకున్నా, ఆయాసం వచ్చినా, మజ్జిగ తాగించి రేపు చూద్దాం అనుకోకండి. అది అజీర్తి కాకపోవచ్చు. ఆ రాత్రే ఆసుపత్రికి ఫోను చేసి, ఈ రోగి ఇమ్యునోథెరపీ మీద ఉన్నారన్న మాట ముందు చెప్పండి. సమయానికి స్టెరాయిడ్లు ఇస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. ఆ ఫోను నంబరు కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించండి. ఇంట్లో అందరికీ కనిపించే చోట.

ప్రశ్నలు అడగండి. ఆ చివర చేయెత్తిన అబ్బాయి దగ్గరికి మైకు పంపండి.